రో జింక వేట: ఉత్తర జర్మనీ పొలాల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

హానోవర్‌కు ఉత్తరాన, లోయర్ సాక్సనీ పల్లపు మైదానంలో ఒక చిన్న ఊళ్లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. చుట్టూ బంగాళాదుంప, షుగర్ బీట్, రై, మొక్కజొన్న చేలు. మధ్యమధ్య పైన్ తోపులు. వచ్చిన కొత్తల్లో పక్కింటి పెద్దాయన వెంట పొద్దున్నే పొలాలు చూడ్డానికి వెళ్లేవాణ్ని. ఆ వెళ్లడం చివరికి వేట పరీక్ష రాసి లైసెన్సు తీసుకునే దాకా వచ్చింది. ఊరి నుంచి ఫోన్ చేసే బంధువులూ, ఇక్కడి పట్నాల్లో ఉండే తెలుగువాళ్లూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. కొందరు ఆసక్తితో అడుగుతారు, కొందరు బాధపడుతూ అడుగుతారు. ఇద్దరికీ జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

రో జింక అంటే మన దుప్పి లాంటిదేనా?

దుప్పి కన్నా బాగా చిన్నది. భుజం దగ్గర ఎత్తు 60 నుంచి 75 సెంటీమీటర్లు, బరువు 15 నుంచి 30 కిలోలు. ఓ మోస్తరు మేకపోతు అనుకోండి. జర్మన్‌లో దీని పేరు ‘రే’. వేసవిలో ఇటుక రంగులో మెరుస్తుంది, చలికాలం వచ్చేసరికి బూడిద కలిసిన గోధుమ రంగుకు మారుతుంది. తోక ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. దాని చోట వెనక తెల్లటి మచ్చ ఒకటి ఉంటుంది, బెదిరినప్పుడు ఆ వెంట్రుకలన్నీ విచ్చుకుని దూరానికి తెల్లగా కొడుతుంది. ఇంకో సంగతి, ఇది కుక్కలా మొరుగుతుంది. చీకట్లో మొదటిసారి విన్నప్పుడు ఎవరిదో కుక్క తప్పిపోయిందనుకున్నాను.

ఇది పెద్ద కొమ్ముల ఎర్రజింకకు ఆడదని ఇక్కడి పిల్లలు కూడా పొరబడతారు. రెండూ వేరు వేరు జాతులు. చుట్టరికం చూస్తే రో జింక ఎర్రజింక కన్నా ఉత్తరాది మూస్ అనే భారీ జింకకే దగ్గర.

అడవిలో ఉండాల్సిన జంతువుకు పొలంలో ఏం పని?

రో జింకది నడి అడవి కాదు, అంచు. తోపు పొలంతో కలిసే చోట, వాగు ఒడ్డున, గట్టు మీది పొదల్లో దాని సంసారం. గొడ్డులా ఒక చోట నిలబడి కడుపు నిండా గడ్డి మేయదు. దాని కడుపు చిన్నది, అందుకే లేత చిగురు, పూమొగ్గ, పప్పుజాతి ఆకు, ఇలా ఏరుకుని కొంచెం తింటుంది, పడుకుని నెమరు వేస్తుంది, మళ్లీ లేస్తుంది. పగలూ రాత్రీ కలిపి అలా ఎనిమిది పది సార్లు మేత మేస్తుంది. పొలమంటే దానికి రకరకాల వంటకాలు వడ్డించిన విస్తరి.

ఇంకా తూర్పుకు, పోలెండ్, హంగరీల్లో కనుచూపు మేర చెట్టు లేని సాగుభూముల్లో పూర్తిగా పొలాన్నే ఇల్లు చేసుకున్న రో జింకలున్నాయి. ఇవి వేసవిలో ఒంటరిగా తిరిగినా, చలికాలంలో పచ్చటి గోధుమ, రేప్‌సీడ్ (ఆవాల జాతి నూనెపంట) చేలలో పదులకొద్దీ కలిసి మంద కడతాయి. దాక్కోడానికి చాటు లేదు కాబట్టి వాటికి ఎక్కువ కళ్లే రక్షణ. ఎవరైనా వస్తుంటే అల్లంత దూరం నుంచే చూసి పరుగు తీస్తాయి. మా దగ్గర కూడా జనవరిలో రేప్‌సీడ్ చేలో పన్నెండు, పదిహేను ఒకచోట పడుకుని ఉండటం మామూలే.

పొలం జింక బతుకంతా పంట చెప్పినట్టు నడుస్తుంది. జూన్‌లో రై, గోధుమ నడుము దాటి ఎదిగితే వందల జింకలున్నా ఒక్కటీ కనబడదు. జూలైలో బార్లీ కోత మొదలవగానే ఒక చేను బోడి అవుతుంది. ఆగస్టులో గోధుమ పోతుంది. అప్పుడు మిగిలిన గూడల్లా మొక్కజొన్న. సెప్టెంబర్, అక్టోబర్‌లలో కోత మిషన్ వచ్చి ఒక్క పూటలో దాన్నీ దింపేస్తుంది. పొద్దున ఇంట్లో ఉన్న జింకకు సాయంత్రానికి ఇల్లుండదు. ఆ రెండు మూడు రోజులు మా రోడ్ల మీద కార్లు జాగ్రత్తగా నడపాలి.

తుపాకి ఉంటే ఎవరైనా వెళ్లి వేటాడొచ్చా?

లేదు. ఇక్కడ వేట హక్కు భూమితో ముడిపడి ఉంది. ఈ పద్ధతిని మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ‘కౌలు’ అన్న మాట చాలు.

ఒకప్పుడు రైతు పొలంలో కూడా వేటాడే హక్కు ప్రభువులదే. పంట తొక్కించుకున్నా రైతు నోరెత్తే వీలు లేదు. 1848 విప్లవంతో ఆ హక్కు రద్దయింది, ఎవరి భూమిలో వేట హక్కు వారిదైంది. అయితే ప్రతి చిన్న కమతం దగ్గరా ఒక తుపాకి లేచేసరికి జంతువులు కనుమరుగయ్యే పరిస్థితి వచ్చింది. దాంతో కొద్ది కాలానికే, ఇంత కనీస విస్తీర్ణం ఉంటేనే వేట అని చట్టాలు చేశారు. ఇప్పుడున్న సమాఖ్య వేట చట్టం 1952 నాటిది. దాని ప్రకారం ఒకే యజమానికి ఒకే చెక్కగా 75 హెక్టార్లు, అంటే సుమారు 185 ఎకరాలు ఉంటే అది అతని సొంత వేట ప్రాంతం. అంత లేని ఊరి రైతులందరి భూములూ కలిపి కనీసం 150 హెక్టార్ల ఉమ్మడి ప్రాంతమవుతుంది. ఆ రైతులంతా చట్టప్రకారం ఒక సంఘం. ఆ సంఘం వేట హక్కును, సాధారణంగా తొమ్మిదేళ్లకు, కౌలుకిస్తుంది.

కౌలు తీసుకున్నవాడికి కొట్టుకు తినే హక్కు ఒక్కటే రాదు. ఆ నేల మీద బతికే జంతువుల బాగోగులు చూడాలి. పందులు చేను తవ్వేస్తే రైతుకు నష్టం కట్టాల్సిందీ చాలావరకు ఒప్పందం ప్రకారం అతనే. రాత్రి రెండింటికి పోలీసులు ఫోన్ చేసి కారు కింద పడ్డ జింక ఇంకా కొన ఊపిరితో ఉందంటే లేచి వెళ్లాల్సిందీ అతనే. మా ఊరి కౌలుదారు ఆ ఫోన్ మోగినా విసుక్కోవడం నేనెప్పుడూ వినలేదు.

పరీక్ష కష్టమా? విదేశీయులు రాయొచ్చా?

రాయొచ్చు. జంతువుల జీవితం, వ్యవసాయం, అడవి, చట్టం, ఆయుధాలు, కుక్కలు, మాంస పరిశుభ్రత, అన్నిట్లోనూ రాతపరీక్ష, మౌఖికం, దానికి తోడు గురి పరీక్ష. జనం దీన్ని ‘పచ్చ ఇంటర్మీడియెట్’ అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. నాకు చట్టం కన్నా జర్మన్ వేటభాష కష్టమైంది. వేటగాళ్ల నోట జింక కళ్లు ‘దీపాలు’, చెవులు ‘వినేవి’, ముక్కు ‘గాలి పట్టేది’, నెత్తురు ‘చెమట’. పెద్దవాళ్ల ముందు మామూలు మాట వాడితే వెంటనే సరిదిద్దుతారు.

లైసెన్సుకు బీమా తప్పనిసరి. తుపాకి ఇంట్లో ఉంచాలంటే ప్రమాణాలకు సరిపోయే ఇనుప భద్రపెట్టె ఉండాలి. జర్మనీలో వరసగా ఐదేళ్లు నివాసం లేనివారికి ఆయుధ అనుమతి నిరాకరించే అధికారం ఉంది కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లు తొందరపడి కోర్సు ఫీజు కట్టకముందే జిల్లా ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఏ నెలల్లో వేటాడతారు?

సమాఖ్య నియమం ఇది: పోతులకు మే 1 నుంచి అక్టోబర్ 15, తల్లి జింకలకు సెప్టెంబర్ 1 నుంచి జనవరి 31, కూనలకు సెప్టెంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా. ఇంకా ఈనని ఏడాది వయసు ఆడవాటిని మే నుంచే కొట్టొచ్చు. రాష్ట్రాలు వీటిని తమకు తగ్గట్టు మార్చుకున్నాయి. చాలా చోట్ల ఏప్రిల్‌లోనే మొదలవుతుంది, పోతుల గడువు కూడా జనవరి దాకా పొడిగించారు. ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు పట్టిక చూసుకోవాల్సిందే.

పొద్దు గుంకిన గంటన్నర తర్వాత నుంచి పొద్దు పొడవడానికి గంటన్నర ముందు దాకా రో జింకను కొట్టకూడదు. విల్లంబులు నిషేధం. చిన్న గుండ్ల తుపాకి నిషేధం. రైఫిల్ తూటాకు 100 మీటర్ల దూరంలో కనీసం 1000 జౌళ్ల శక్తి ఉండాలి. గాయపడి పారిపోకుండా చూడటమే ఈ నియమాలన్నిటి వెనక ఉన్న ఉద్దేశం.

మంచె ఎక్కి గంటలకొద్దీ ఏం చేస్తారు?

చూస్తాం. నిజంగా అంతే. పదిసార్లు మంచె ఎక్కితే తొమ్మిదిసార్లు తూటా పేల్చకుండానే దిగుతాను.

మంచె అన్న మాట వాడుతున్నది అలంకారానికి కాదు. మా నాన్న ప్రకాశం జిల్లాలో జొన్నచేను కంకి పట్టినప్పుడు నాలుగు గుంజల మంచె మీద కూర్చుని ఒడిసెల తిప్పుతూ పిట్టల్ని తోలేవాడు. ఇక్కడ పొలం గట్టున నిలబెట్టిన చెక్క మంచెను మొదటిసారి చూడగానే నాకది పరాయి వస్తువు అనిపించలేదు. నిచ్చెన, పలక, పైన చిన్న కప్పు. తేడా ఏమిటంటే అక్కడ మా నాన్న గొంతెత్తి అరవాలి, ఇక్కడ నేను దగ్గు కూడా మింగాలి.

మైదానంలో మంచెకు ఇంకో పెద్ద కారణం ఉంది. రైఫిల్ తూటా గాలిలో నాలుగైదు కిలోమీటర్లు పోగలదు. కొండ ప్రాంతంలో జింక వెనక గుట్ట అడ్డుంటుంది. ఇక్కడ జింక వెనక ఏముంది? చేను, దాని వెనక సైకిల్ దారి, దాని వెనక ఊరు. మంచె మీద నుంచి కిందికి కొడితే జింకను దాటిన తూటా అక్కడే మట్టిలో దిగుతుంది. జింక వెనక మట్టి కనబడకపోతే, అది ఎంత మంచి పోతైనా సరే, వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. నాకు వేట నేర్పిన పెద్దాయన మొదటి నెలంతా తుపాకి ముట్టుకోనివ్వలేదు. ప్రతి జింకనూ చూపించి “దాని వెనక ఏముంది?” అని అడిగేవాడు, అంతే.

ఒక సాయంత్రం ఎలా గడుస్తుందో చెబుతాను. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, వాసన చేను వైపు పోని మంచె ఎంచుకుంటాను. ఎక్కిన అరగంట దాకా ఏమీ ఉండదు. తర్వాత కుందేలు ఒకటి దుక్కిలో కదులుతుంది. కొంగలు గూటికి మళ్లుతాయి. ఉన్నట్టుండి, ఇప్పటిదాకా ఖాళీగా ఉన్న తోపు అంచున ఒక జింక నిలబడి ఉంటుంది. ఎప్పుడొచ్చిందో, ఎటు నుంచి వచ్చిందో తెలియదు. ఎన్నేళ్లయినా అది రావడం మాత్రం కళ్లకు చిక్కదు.

ఏ జింకను కొట్టాలో, దేన్ని వదలాలో ఎలా తేలుస్తారు?

వేటలో అసలు చదువంతా ఇక్కడే ఉంది. గురి పది రోజుల్లో నేర్చుకోవచ్చు, దీనికి ఏళ్లు పడుతుంది.

శరదృతువులో తల్లి, కూన కలిసి తిరుగుతాయి. నియమం ఒక్కటే: ముందు కూన, తర్వాత తల్లి. ఎప్పుడూ ఈ వరసే. తల్లిని ముందు కొడితే కూన దిక్కులేనిదవుతుంది, చలికాలం దాటదు. పిల్లలు తమంతట తాము బతికే దాకా వాటిని సాకే తల్లిని కొట్టడం జర్మనీలో నేరం. మేలో ఏడాది వయసు ఆడదాన్ని కొట్టబోయే ముందు వెనక కాళ్ల మధ్య పొదుగు ఉందా అని చూడాలి. బైనాక్యులర్స్‌లో అది తేలకపోతే ఆ పూటకు ఆ జింక వైపు తుపాకి ఎత్తకూడదు.

చలికాలంలో మగా ఆడా పోల్చడం కూడా పనే. పోతులు అక్టోబర్, డిసెంబర్ మధ్య కొమ్ములు రాలుస్తాయి. అప్పుడు తల చూస్తే తేడా తెలియదు, వెనక వైపు చూడాలి. ఆడదాని తెల్లమచ్చ గుండె ఆకారంలో ఉండి కింద చిన్న కుచ్చు వేలాడుతుంది, పోతుది చిక్కుడు గింజ ఆకారం, కుచ్చు ఉండదు. కొత్త కొమ్ములు చలిలోనే, మెత్తటి నూగుపొర కింద పెరుగుతాయి. వసంతంలో చిన్న చెట్లకు రాసి ఆ పొర ఒలుచుకుంటాయి. బెరడు లేచిపోయి తడి తెల్లగా మెరిసే మొక్క కనబడితే అక్కడొక పోతు తన హద్దు రాసుకుందన్నమాట.

వయసు విషయంలో బతికున్న జింక ఎవరినైనా మోసం చేస్తుంది. చచ్చాక కింది దవడ చెబుతుంది. మూడో దవడ పన్ను మూడు భాగాలుగా ఉంటే అది ఇంకా పాలపన్నే. సుమారు 13 నెలల వయసులో అది ఊడి రెండు భాగాల పన్ను వస్తుంది. ముసలి పోతనుకుని కొట్టి, దవడ తెరిచి చూసి మౌనంగా నిలబడిపోయిన అనుభవజ్ఞుల్ని చూశాను.

గురి తప్పి గాయపడితే?

ఈ ప్రశ్నకు నా సొంత అనుభవమే చెప్పాలి. లైసెన్సు వచ్చిన రెండో ఏడు, సెప్టెంబర్ సాయంత్రం, గోధుమ కోసిన మోళ్లలో ఒక పోతు. ఎనభై మీటర్ల దూరం. పక్కకు తిరిగి నిలబడింది. నేను వేలు నొక్కిన క్షణానే అది ఒక అడుగు ముందుకు వేసింది. వీపు పైకి వంచి, రెండడుగులు తడబడి, మొక్కజొన్నలోకి పోయింది.

దిగి వెంటపడాలని కాళ్లు లాగుతాయి. అదే చేయకూడని పని. తరిమితే గాయపడ్డ జింక కిలోమీటర్లు పోతుంది, వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. తూటా తగిలిన చోటికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాను. నురగ కలిసిన లేత ఎరుపు నెత్తురు ఉంటే ఊపిరితిత్తులు, జింక వంద మీటర్లలోపే పడి ఉంటుంది. ముదురు గోధుమ ఎరుపైతే కాలేయం. నాకు కనబడింది గడ్డిపోచ మీద పచ్చటి తడి, నమిలిన ఆకు వాసన. కడుపు. ఆ చోట ఒక కొమ్మ గుచ్చి ఇంటికొచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి నెత్తురు వాసన పట్టే జాతి కుక్కతో ఒకావిడ వచ్చింది. హానోవర్ జాతి, గోధుమ రంగు, ముడతల ముఖం. పది మీటర్ల తాడుతో అది ముక్కు నేలకానించి, తొందర లేకుండా, ఒక్కసారి కూడా తలెత్తకుండా నడిచింది. మొక్కజొన్నలో నాలుగు వందల మీటర్ల లోపల పోతు పడి ఉంది. రాత్రే చనిపోయింది. ఎంతసేపటికి చనిపోయిందన్నది నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అప్పటి నుంచి నా లెక్కలో మేస్తూ కదిలే జింక కొట్టదగ్గ జింక కాదు. అది తలెత్తి నిలబడే దాకా ఆగుతాను, నిలబడకపోతే దిగి ఇంటికి పోతాను.

వేసవిలో ఆకు ఊది జింకను పిలుస్తారట, నిజమేనా?

నిజం. జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా వీటి జత కట్టే కాలం. ఆడది సన్నగా ‘ఫీ... ఫీ’ అని పిలుస్తుంది. బీచ్ చెట్టు ఆకును రెండు బొటనవేళ్ల మధ్య బిగించి ఊదితే అచ్చం అదే శబ్దం. గాలి లేని వేడి మధ్యాహ్నం, నాలుగుసార్లు ఊది ఆగితే, ఒక్కోసారి పోతు పరుగున వచ్చి పది అడుగుల్లో నిలబడుతుంది. పోతు ఆడదాన్ని గుండ్రంగా తరిమిన చోట చేలో వలయాలు పడతాయి. వాటిని ఇక్కడి జనం మంత్రగత్తెల వలయాలంటారు.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపెట్టే సంగతి ఇంకోటుంది. ఆగస్టులో కట్టిన జతకు పిల్లలు మే, జూన్‌లో పుడతాయి. అంత చిన్న జంతువుకు తొమ్మిదిన్నర నెలలా? పిండం ఏర్పడి, కొన్ని కణాల దశలోనే ఎదుగుదల దాదాపు ఆపుకుని, గర్భాశయానికి అంటుకోకుండా నాలుగైదు నెలలు వేచి ఉంటుంది. డిసెంబర్, జనవరిల్లో మేలుకుని పెరగడం మొదలుపెడుతుంది. బిషోఫ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1854లో దీన్ని వివరంగా రాశాడు. ఎండాకాలం బలం మీద జత కట్టడం, పచ్చిక లేచే వేళకు ఈనడం, రెండూ కుదిరే దారి అది.

మే నెలలో వేటగాళ్లే కూనల్ని కాపాడతారంటారు. చంపేవాళ్లు కాపాడటమేంటి?

నేల కౌలు తీసుకున్నవాడి పని అంటే ఇదే, నా వరకు ఇందులో వైరుధ్యం లేదు.

తల్లి సాధారణంగా రెండు కూనల్ని వేరు వేరు చోట్ల పొడుగు గడ్డిలో పడుకోబెట్టి వెళ్తుంది. మొదటి రెండు మూడు వారాలు కూనకు పరుగెత్తే బుద్ధి పుట్టదు. అపాయం వస్తే నేలకు అతుక్కుపోతుంది. దాని ఒంటి వాసన కూడా చాలా తక్కువ. నక్క పక్క నుంచి పోయినా బతుకుతుంది. ట్రాక్టర్ వచ్చినా కదలదు, అదే దాని చావు. తొమ్మిది మీటర్ల వెడల్పు గడ్డికోత యంత్రాన్ని డ్రైవర్ ఎంత మెల్లగా నడిపినా పైనుంచి ఏమీ కనబడదు. రైతుకు కూడా ఇది నరకమే. పైగా చచ్చిన కూన ముక్కలు పాతరగడ్డిలో కలిస్తే బొటులిజం విషం పుట్టి పశువులు చనిపోతాయి.

ఇప్పుడు వేడిని పసిగట్టే కెమెరా ఉన్న డ్రోన్లు వచ్చాయి. వీటి కొనుగోలుకు 2021 నుంచి సమాఖ్య ప్రభుత్వం సాయం ఇస్తోంది. రైతు ముందు రోజు సాయంత్రం ఫోన్ చేస్తాడు. మేం తెల్లవారుజామున నాలుగింటికే చేను దగ్గరుంటాం. ఎండ తగిలి నేల వేడెక్కితే తెర మీద కూనకూ మట్టిగడ్డకూ తేడా ఉండదు. డ్రోన్ నడిపేవాడు వాకీటాకీలో “ఎడమకు మూడు అడుగులు, ఇంకొంచెం, ఆగు” అంటాడు. కిందికి చూస్తే గడ్డి. మళ్లీ చూస్తే గడ్డి. తడి గడ్డిపోచలు రెండు చేతులతో విడదీస్తే అప్పుడు, అరచేతి మందం వీపు, దాని మీద వరసగా తెల్లచుక్కలు, మూసుకోని పెద్ద నల్లకళ్లు. చేతి తొడుగు వేసుకుని, గడ్డి గుప్పిళ్లతో పట్టి ఎత్తాలి, మనిషి వాసన తగలకూడదు. ఎత్తితే బరువే ఉండదు. కానీ గుండె కొట్టుకోవడం తొడుగు లోంచి, గడ్డి లోంచి వేళ్లకు తెలుస్తుంది. గట్టున నీడలో బుట్ట కింద పెట్టి, కోత అవగానే వదులుతాం. కాస్త దూరంలో తల్లి నిలబడి ఉంటుంది. కొన్నిసార్లు కూన తల్లి కోసం కీచుమంటుంది, ఆ పిలుపుకు అది మనుషులున్నా దగ్గరకొస్తుంది.

వదిలేస్తే వాటి పాట్లు అవి పడవా? వేటాడటం ఎందుకు?

తోడేళ్లు, లింక్సులు (పెద్ద అడవిపిల్లులు) ఉన్నప్పుడు ఆ లెక్క వేరు. రెండొందల ఏళ్ల కిందట ఇక్కడ వాటిని దాదాపు తుడిచిపెట్టారు. తోడేలు 2000లో సాక్సనీలోని లుసేషియాలో మళ్లీ పిల్లల్ని కన్నది, ఇప్పుడు మా వైపు కూడా ఉంది. దాని ఆహారంలో సగానికి పైగా రో జింకలే. అయినా పొలాల్లో పుష్కలంగా తిండి, మెత్తబడిన చలికాలాలు, ఏటా కవలలు. జర్మనీలో ఏటా 12 లక్షలకు పైగా రో జింకల్ని వేటాడుతున్నారు, ఇంకో రెండు లక్షల దాకా రోడ్ల మీద పోతున్నాయి. అయినా సంఖ్య తగ్గిన జాడ లేదు.

పొలం పంటకు ఇది చేసే నష్టం తక్కువే, పందితో పోలిస్తే అసలు లెక్కలోకి రాదు. నష్టమంతా అడవికి. ఓక్, ఫర్ మొలకల చిగుళ్లంటే దానికి ప్రాణం. పైన్ తోపులు ఎండకు, పురుగుకు చచ్చిపోతుంటే వాటి చోట ఆకురాల్చే చెట్లు నాటుతున్న ఈ రోజుల్లో ఆ చిగురు మిగలడం ముఖ్యం. ఎన్ని కొట్టాలన్న దాని మీద అటవీశాఖవాళ్లకూ పల్లె వేటగాళ్లకూ ఎప్పుడూ వాదనే. నా మాట అడిగితే, సంఖ్య కాగితం మీద కాక మొలకల మీద చూసి తేల్చాలి. కంచె లోపలి మొక్క, బయటి మొక్క పక్కపక్కన చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ప్రాణం తీయడం పాపమనిపించదా?

మా అమ్మ ప్రతిసారీ అడుగుతుంది. అనిపిస్తుంది. చంపిన జింక దగ్గరికి నడిచే ఆ యాభై అడుగులూ ఎప్పుడూ బరువుగానే ఉంటాయి. అవి తేలికైన రోజు తుపాకి తిరిగిచ్చేస్తాను. ఇక్కడివాళ్లు చచ్చిన జింక నోట్లో పచ్చని కొమ్మ ఒకటి పెడతారు, ఆఖరి ముద్ద అని. టోపీ తీసి కాసేపు నిలబడతారు. నేను మాంసం తింటాను. కొట్లో ప్లాస్టిక్ పెట్టెలో దొరికే మాంసం ఎలా బతికిందో నాకు తెలియదు. ఈ జింక మూడేళ్లు ఏ గట్టున పడుకుందో, ఏ చేలో మేసిందో నాకు తెలుసు. మాంసమే తిననివాళ్లు దీన్ని ఒప్పుకోకపోతే వాళ్లతో నాకు వాదన లేదు.

మాంసం ఎలా ఉంటుంది? ఏం చేస్తారు?

కొవ్వు దాదాపు లేని, మెత్తటి, ముదురు ఎరుపు మాంసం. కొట్టిన వెంటనే పేగులు తీసి, కాలేయం, ఊపిరితిత్తులు, శోషరస గ్రంథులు పరీక్షగా చూడాలి. తేడా కనబడితే పశువైద్యుడికి చూపించాలి. తర్వాత లోపలి వేడి 7 డిగ్రీలకు దిగేలా చల్లబెట్టి కొన్ని రోజులు వేలాడదీస్తే మెత్తబడుతుంది. ఇక్కడివాళ్లు వీపు మాంసాన్ని లోపల గులాబి రంగు ఉండేలా కాల్చి, ఎర్ర క్యాబేజీతో తింటారు. మా ఇంట్లో వీపు ముక్కలకు మిరియాలు, ఉప్పు, నెయ్యి తప్ప ఏమీ వేయం. భుజం, మెడ మాత్రం అల్లంవెల్లుల్లి, ధనియాలతో మట్టికుండలో సన్నసెగన మూడు గంటలు పెడతాం. మటన్‌కు వేసినంత కారం, మసాలా వేస్తే దీని రుచి చచ్చిపోతుంది.

కొమ్ముల కోసమే వేట అంటారు, నిజమా?

కొందరికి అంతే. ఆరు మొనల కొమ్ములు గోడకు పెట్టుకోవడం పాత అలవాటు. హంగరీ మైదానాల్లో మంచి నల్లమట్టి, మంచి మేత ఉండటంతో కొమ్ములు బలంగా వస్తాయి, వాటి కోసం యూరప్ నలుమూలల నుంచి డబ్బు కట్టి వెళ్తారు. నాకు ఆ మోజు లేదు. నా గోడకున్నది ఒక్కటే, మొక్కజొన్నలో పడిపోయిన ఆ పోతుది.

మిగతా దేశాల్లో కూడా ఇదే పద్ధతా?

కాదు. డెన్మార్క్‌లో పోతుల వేట మే 16న, హంగరీలో ఏప్రిల్ 15న, పోలెండ్‌లో మే 11న మొదలవుతుంది. ఆ తొలిరోజులు అక్కడి పల్లెలకు పండగలే. ఇంగ్లండ్‌లో ఆడజింకల కాలం నవంబర్ నుంచి మార్చి దాకా. ఒక దేశంలో నేర్చుకున్నది ఇంకో దేశంలో చెల్లుతుందనుకోవద్దు.

ఇది చదివి మన ఊళ్లో ప్రయత్నించొచ్చా?

వద్దు. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక వేట నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల దుప్పి తెలంగాణది. రెండు చోట్లా రైతుకు పంటనష్టం ఉందని నాకు బాగా తెలుసు, మా మేనమామ పత్తిచేను పోగొట్టుకున్నాడు. అయినా ఇక్కడి పద్ధతి నిలబడింది భూమి లెక్కలు, పరీక్షలు, కౌలు ఒప్పందాలు, నూట డెబ్భై ఏళ్ల అలవాటు మీద. వాటిలో ఒక్క తుపాకిని మాత్రం తీసుకుని మన ఊరికి తెచ్చుకోలేం.

ఒకసారి వచ్చి చూడొచ్చా?

రండి, కానీ మేలో రండి. తుపాకి అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, కూనల పనికి చేతులు ఎప్పుడూ తక్కువే. జర్మనీలోనే ఇంకో చోట ఉంటే మీ జిల్లాలో కూడా డ్రోన్ బృందాలుంటాయి, ఊరి రైతునో వేటగాళ్ల సంఘాన్నో అడిగితే చెబుతారు. మోకాలి దాకా రబ్బరు బూట్లు, పొడుగు చేతుల చొక్కా, పురుగులు కుట్టకుండా మందు తెచ్చుకోండి. సెంటు పూసుకోవద్దు. గడ్డి మంచుతో తడిసి ఉంటుంది, గంటలో తొడల దాకా నానిపోతారు. ఫ్లాస్కులో టీ నేను తెస్తాను. నాలుగింటికి చేను దగ్గర ఉండాలి, నాలుగున్నరకు వస్తే అప్పటికే ఒక చేను అయిపోయి ఉంటుంది.